చక్రము వంకర, మాట వంకర

పాఠమునకు ముందు లేవీయకాండము 19వ అధ్యాయము 13 నుండి 17 వచనములును, మత్తయి సువార్త 18వ అధ్యాయము 15 నుండి 17 వచనములును ఇంటివారందరు కూర్చుండి చదువుకొనుడి.



ఈ నెల పాఠమునకు మేము తీసికొనినది పెద్ద సంగతి కాదు. సైకిలు చక్రమును బాగుచేయుటకు ఇచ్చితిమి. అది సరిగా బాగుపడలేదు. అంతే. గాని ఆ చిన్న సంగతిలో మేము ఒక పొరుగువానికి నష్టము కలిగించితిమి. అట్టి తప్పు మీరు చేయకుందురని దీనిని వ్రాయుచున్నాము.

జరిగిన సంగతి

జక్రాన్‌పల్లి చుట్టుప్రక్కల గ్రామములలో వృద్ధులను, రోగులను చూచి వచ్చుటకు మాకు ఒక పాత నల్ల సైకిలు కలదు. పసుపు త్రవ్వకముల దినములలో ఒక సాయంకాలము పడకల్ వైపు బాటలో పోవుచుండగా, ట్రాక్టరు చాళ్ల మధ్యనున్న గుంటలో వెనుక చక్రము పడెను. రిమ్ము వంగినది. సైకిలును నడిపించుకొని వచ్చి, రోడ్డు ప్రక్కన రేకుల పందిరి క్రింద పని చేసికొను ఒక మేస్త్రికి ఇచ్చితిమి.

అతడు చక్రము త్రిప్పి చూచి, "అయ్యా, కొన్ని స్పోకులు కొత్తవి వేయాలె. బెండు తీసుడు, స్పోకులు కలిపి 100 రూపాయలైతది. రేపు పొద్దుగాల తీసుకపోండి" అనెను. మేము, "కొత్తవి వద్దు తమ్మీ, ఉన్నవాటితోనే లాగు. 60 రూపాయలిచ్చెదము. దీపాలు పెట్టు వేళకు మాకు కావలెను" అంటిమి. అతడు కొంచెము ఊరకుండి, సరే అనెను. చీకటి పడుచుండగా సైకిలు చేతికి వచ్చినది. చక్రమును త్రిప్పియైనను చూడక డబ్బు ఇచ్చి వచ్చితిమి.

మరునాడు ఉదయము వెనుక టైరు గాలి పోయియుండెను. అతుకు వేయించితిమి; సాయంకాలమునకు మరల పోయెను. ఎక్కి త్రొక్కినప్పుడు సీటు క్రింద ఏదో ఎగిరెగిరి పడుచున్నట్లుండెను. జాతీయ రహదారి దాటునప్పుడు చక్రము అడ్డముగా ఊగగా, వచ్చుచున్న లారీని చూచి మా గుండె జల్లుమనెను. దేవుని దయ వలన పడలేదు.

అప్పుడు మేము చేసినదేమి? మేస్త్రి యొద్దకు పోలేదు. చాయ దుకాణములో చెప్పితిమి. ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట గుడి వాకిట చెప్పితిమి. "వాని చేతికి సైకిలు ఇయ్యకుడి, డబ్బు తీసికొని పాడుచేయును" అని నవ్వుచు చెప్పితిమి. విన్నవారును నవ్విరి.

చక్రము నిలుచు విధము

ఇక్కడ కొంచెము ఆగి, చక్రమును గూర్చి తెలిసికొందము. తెలియక నింద వేయుట సులభము గదా.

ఎడ్లబండి చక్రము మన పెద్దలకు తెలిసినదే. నడుమ కుండ, దాని నుండి కొయ్య ఆకులు, చుట్టును ఇనుప పట్టా. పట్టాను నిప్పులో కాల్చి, వేడిగా నుండగానే చక్రమునకు తొడిగి నీళ్లు పోసెదరు. అది చల్లారి బిగిసి అన్నిటిని ఒక్కటిగా పట్టుకొనును. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడినది గాని, ఆ ప్రాంతమున చెరకు బండ్లు చూచి పెరిగినవారు ఇప్పటికిని ఆ చక్రమును మరువలేదు. అందులో బరువును మోయునది ఇరుసు క్రిందనున్న ఆకు. అది కర్ర స్తంభమువలె నిలిచి మోయును.

సైకిలు చక్రము అట్టిది కాదు. దాని స్పోకు సన్నని తీగె. నిలువుగా నొక్కినయెడల వంగిపోవును. దాని బలమంతయు లాగుటలోనే యున్నది. అన్ని స్పోకులు రిమ్మును నడిమికి లాగుచుండుట చేతనే చక్రము గుండ్రముగా నిలుచును. స్పోకులను నడిమి గుండము నుండి సూటిగా గాక ఏటవాలుగా అమర్చు విధమునకు ఇంగ్లండులో జేమ్స్ స్టార్లీ అనునతడు 1874లో హక్కుపత్రము పొందెను. నేటికిని మన సైకిళ్లు చాలవరకు ఆ విధముననే నడచుచున్నవి.

పాత తరహా నల్ల సైకిలులో సాధారణముగా ముందు చక్రమునకు 32, వెనుక చక్రమునకు 40 స్పోకులు ఉండును. వాటిలో సగము కుడి ప్రక్కకు, సగము ఎడమ ప్రక్కకు లాగును. రిమ్ము ఒక చోట కుడికి వంగినయెడల, అక్కడి కుడి స్పోకులను కొంచెము వదులు చేసి, ఎడమ స్పోకులను కొంచెము బిగించవలెను. నిప్పిలును ఒకేసారి పావు చుట్టు కంటె ఎక్కువ త్రిప్పరాదు. త్రిప్పుట, చూచుట, మరల త్రిప్పుట. ఇది ఓపిక గల పని. వదులు చేయక బిగించుటయే చేసినయెడల వంకర పోవును గాని ఆ చోట రిమ్ము లోపలికి లాగబడి, చక్రము కోడిగ్రుడ్డువలె అగును. అట్టి చక్రమే ఎగిరెగిరి పడును. తొందరపెట్టబడినవాడు చేయునది సాధారణముగా ఇదే.

డబ్బు ఇచ్చుటకు ముందు చూడవలసినవి

ఇవి చూచుటకు పనిముట్లు అక్కరలేదు. కొన్ని నిమిషములు చాలును.

మొదటిది, చక్రమును నేల నుండి ఎత్తి త్రిప్పి, రిమ్మునకును బ్రేకు రబ్బరునకును మధ్యనున్న సందును చూడుము. సందు ఒకచోట తగ్గి ఒకచోట పెరుగుచుండినయెడల వంకర ఇంకను ఉన్నది. రిమ్ము పైకి క్రిందికి ఆడుచుండినయెడల గుండ్రము పోయినది.

రెండవది, స్పోకులను రెండేసి చొప్పున వ్రేళ్లతో నొక్కుము. ఒకే ప్రక్క స్పోకులన్నియు ఇంచుమించు ఒకే బిగువుతో నుండవలెను. వెనుక చక్రములో ఫ్రీవీలు ఉన్న ప్రక్క స్పోకులు రెండవ ప్రక్క వాటికంటె సహజముగా ఎక్కువ బిగువుగా నుండును. దానిని తప్పుగా ఎంచకూడదు.

మూడవది, రిమ్మును పట్టుకొని ఇటు అటు కదుపుము. టకటక మనినయెడల కోను వదులు. త్రిప్పినప్పుడు బరువుగా, గరగరగా తిరిగినయెడల కోను మిక్కిలి బిగిసినది, లేక గోళీలు అరిగినవి. ఇరుసు నట్లు రెండును బిగిసియున్నవో లేదో చూడుము.

నాలుగవది, మాటిమాటికి గాలి పోవుచుండినయెడల ట్యూబులో రంధ్రము ఏ వైపున ఉన్నదో చూడుము. నేల వైపున ఉన్నయెడల ముల్లో గాజుముక్కయో గ్రుచ్చుకొనినది. రిమ్ము వైపున ఉన్నయెడల, నిప్పిలును దాటి పొడుచుకొని వచ్చిన స్పోకు మొనయే చాలవరకు కారణము. ఆ మొనను ఆకురాయితో అరగదీసి, పైన రిమ్ము టేపు సరిగా వేయవలెను. అది చేయక ఎన్ని అతుకులు వేసినను వ్యర్థము.

ఒక మాట: రిమ్ము పగిలియున్నయెడల, లేక నిప్పిలు రంధ్రముల యొద్ద చీలియున్నయెడల, ఎంతటి మేస్త్రియైనను దానిని సరిచేయలేడు. కొత్త రిమ్ము వేయుమని అతడు చెప్పినప్పుడు, మనలను దోచుకొనుచున్నాడని అనుకొనరాదు.

తప్పు సరిపడువరకు ఆ సైకిలు మీద పిల్లలను ఎక్కించుకొనరాదు, బస్తాలు మోయరాదు, పెద్ద రోడ్డు ఎక్కరాదు.

ఒంటరిగా చెప్పుట

నాలుగు దినముల తరువాత వేరొక దారి లేక ఆ మేస్త్రి యొద్దకే పోతిమి. కోపముతోనే పోతిమి. అతడు ఏమియు అనక టైరు ఊడదీసి, ట్యూబును వెలుతురులో పట్టుకొని చూచెను. రంధ్రము రిమ్ము వైపున ఉండెను. అతడు తన వ్రేలితో రిమ్ము లోపల తడిమి, "అయ్యా, మొన పొడుచుకొచ్చింది. నేను రాకలేదు. నాదే తప్పు" అనెను. తరువాత చక్రము త్రిప్పి, "గుండ్రం కూడ పోయింది. చీకట్ల కనబడలే" అనెను.

అంత సులభముగా ఒప్పుకొనునని మేము తలంచలేదు. మా కోపమునకు చోటు లేకపోయెను. అతడు మరల అనెను: "నాకు చెప్పక ఊరందరికి చెప్తిరి. నాకే చెప్తే ఆ పూటనే సరిచేసేటోణ్ణి. ఈ వారం మీ గుడి దిక్కుకెళ్లి ఒక్క సైకిలు రాలే."

ప్రియులారా, పైన చదివిన మత్తయి భాగములో ప్రభువు ఏర్పరచిన క్రమమును చూడుడి. మొదట ఒంటరిగా పోవలెను. వినకపోయినయెడల ఒకరిద్దరిని తీసికొని పోవలెను. అందరి యెదుటికి తెచ్చుట ఆ తరువాతి సంగతి. మేము కడపటి మెట్టు నుండి మొదలుపెట్టితిమి. లేవీయకాండములోను పొరుగువాని తప్పును అతనికే తెలుపవలెనను ఆజ్ఞకు ముందు వచనములోనే కొండెములు మోయరాదను ఆజ్ఞ యున్నది. ఈ రెండును ప్రక్కప్రక్కన ఉండుట మేము ఎన్నిసార్లు చదివియు గమనింపలేదు. తప్పును సహించి ఊరకుండుడని అక్కడ చెప్పబడలేదు. తప్పును చెప్పుము, చేసినవానికే చెప్పుము.

చెప్పు విధమును కూడ నేర్చుకొనవలెను. "నీకు పని రాదు" అనుట వేరు, "వెనుక చక్రము ఈ చోట ఎగురుచున్నది, చూడు" అనుట వేరు. మొదటి మాట మనిషిని కొట్టును. రెండవ మాట చక్రమును చూపును. చక్రమును చూపినయెడల పనివాడు పనిముట్టు చేతపట్టును.

కూలి సంగతి

అదే అధ్యాయములో కూలివాని కూలిని తెల్లవారువరకు ఉంచుకొనరాదను ఆజ్ఞ కలదు. మేము కూలిని ఉంచుకొనలేదు గాని, తగ్గించితిమి. అతడు అవసరమని చెప్పిన స్పోకులను వద్దంటిమి. ఉదయమువరకు గడువు అడిగినవానిని చీకటిలో పని చేయించితిమి. అతని తప్పు అతనిదే. మొన రాకకపోవుట, చక్రము త్రిప్పి చూడకపోవుట పనివానికి తగదు. అతడు దానిని ఒప్పుకొనెను. మా తప్పును మేము ఒప్పుకొనవలసినది మిగిలెను.

ఈ దేశపు చట్టము కూడ ఇరువురిని ఎరుగును. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 170వ సెక్షను ప్రకారము, అప్పగించిన వస్తువు మీద ఒప్పుకొనిన ప్రకారము పనిచేసినవాడు, వేరే ఒప్పందము లేనియెడల, తన కూలి ముట్టువరకు ఆ వస్తువును తనయొద్ద ఉంచుకొనవచ్చును. మరియొక ప్రక్క, 1986 నాటి చట్టమునకు బదులుగా 2020 జూలై నుండి అమలులోనికి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము, డబ్బు తీసికొని చేసిన మరమ్మతులో లోపమున్నయెడల రెండేండ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషనులో ఫిర్యాదు చేయవచ్చును. 1915 నెంబరునకు ఫోను చేసి సలహా అడుగవచ్చును. చెడ్డ మరమ్మతు వలన ఒకరు పడి కాలు విరిగినప్పుడు, అడిగినను దుకాణదారుడు తిరస్కరించినప్పుడు, ఆ ద్వారము తట్టుట పాపము కాదు. రసీదు భద్రపరచుకొనుట మంచిది. గాని 60 రూపాయల పనికి మొదటి ద్వారము ఆ రేకుల పందిరియే.

ముగింపు

ఆ దినమున అతడు కొత్త స్పోకులు వేసి, మొనలు రాకి, మేము ప్రక్కన కూర్చుండగా చక్రమును సరిచేసెను. రెండు గంటలు పట్టెను. మరల చేసినందుకు కూలి వద్దనెను. స్పోకుల వెల మాత్రము తీసికొనెను. మొదట తగ్గించిన 40 రూపాయలు ఇయ్యబోగా, "అవి వద్దయ్యా, చెప్పిన కాడ మల్ల చెప్పుండ్రి, చాలు" అనెను.

మేము చాయ దుకాణమునకు పోయి చెప్పితిమి. ఆదివారము గుడి వాకిట చెప్పితిమి. కొందరు మరల అతని యొద్దకు పోవుచున్నారు. అయితే మేము నవ్వుచు చెప్పిన మాట ఎంత దూరము పోయినదో మాకు తెలియదు. అది పోయిన ప్రతి చోటికి మేము పోలేకపోతిమి. సైకిలు చక్రము రెండు గంటలలో సరియైనది.

ఇంటిలో మాటలాడుకొనుటకు ప్రశ్నలు

1. మనకు పని చేసినవారి తప్పును మొదట ఎవరికి చెప్పుచున్నాము?

2. తక్కువ కూలికి, తక్కువ గడువులో పని అడిగి, తరువాత పని బాగుగా లేదని నిందించిన సందర్భము మనకు ఉన్నదా?

3. మనము చెప్పిన మాట వలన ఎవరి దుకాణమైనను, ఎవరి పేరైనను చెడినయెడల, ఈ వారములో మనము ఎవరి యొద్దకు పోవలెను?