మత్తు – కుంగుబాటు

10 నుండి 19 సంవత్సరాల వరకు గల వయస్సును కౌమారదశ అంటారు. చిన్నమాటకే మనస్సు నొచ్చుకోవడం, అంతలోనే తేరుకోవడం ఈ వయస్సులో సహజం. కాని దిగులు రెండు వారాలైనా విడవక, చదువు మీద, ఆటల మీద ఆసక్తి పోయి, నిద్ర, ఆకలి తప్పితే అది కుంగుబాటు కావచ్చు. కొందరిలో అది చిరాకుగా, కోపంగా కూడ కనబడుతుంది. కుంగుబాటు సోమరితనం కాదు, పిరికితనం కాదు. చికిత్సతో నయమయ్యే జబ్బు.

పదవ తరగతి తప్పిన ఒక బాలుణ్ణి ఊహించుకోండి. ఇంట్లో ఎవరూ సరిగా పలకరించరు. ఒకనాటి సాయంత్రం తోటివాడొకడు, "కొంచెం తాగరా, అన్నీ మరిచిపోతావు" అంటూ సీసా అందిస్తాడు.

ఆ మాట కాసేపటికే నిజం. మద్యం మెదడు పనిని మందగింపజేస్తుంది. అందువల్ల బాధ కొంతసేపు తెలియదు. మత్తు దిగిన తరువాత ఏమవుతుంది? నిద్ర చెడుతుంది. ఆందోళన, దిగులు తిరిగి తలెత్తుతాయి. పరీక్ష తప్పిన బాధ ఎక్కడికీ పోదు. దానికి తాగానన్న సిగ్గు, ఇంట్లో తెలుస్తుందన్న భయం తోడవుతాయి. వాటిని మరవడానికి మళ్ళీ తాగాలనిపిస్తుంది. దిగులు తాగుడుకు దారి తీస్తుంది. తాగుడు దిగులును పెంచుతుంది. ఊబిలో పడినవాడు కదిలినకొద్దీ దిగబడినట్లే ఇదీను.

మెదడు ఎదుగుదల సుమారు 25 ఏళ్ళ వరకు సాగుతుంది. తొందరపాటును అదుపుచేసే భాగం చివరగా పక్వమవుతుంది. కనుక ఈ వయస్సులో మత్తు మరింత ప్రమాదకరం. 18 ఏళ్ళలోపు వారికి మద్యం ఇచ్చినవారికి 2015 నాటి బాలల న్యాయచట్టం ప్రకారం ఏడేళ్ళ వరకు కఠిన శిక్ష పడవచ్చు.

మరి బయటపడే దారి ఏది? మొదటి మెట్టు నోరు విప్పడం. అమ్మకో, అక్కకో, నమ్మకమున్న ఉపాధ్యాయునికో చెప్పుకోవాలి. అలవాటు ముదిరితే వైద్యుని సలహా తప్పనిసరి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం టెలీ మానస్ అనే సేవను ప్రారంభించింది. 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. అక్కడ తెలుగులోనూ మాట్లాడవచ్చు. వీధిలో మనం కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో మాట్లాడతాం. మనసులోని బాధ మాత్రం ఇంటిభాషలోనే తేలికగా బయటికి వస్తుంది.

మీ స్నేహితుడు తాగుతున్నాడని తెలిస్తే వెక్కిరించకండి, దాచకండి. తోడుగా వెళ్ళి పెద్దలకు చెప్పండి. సీసా అందించేవాడు స్నేహితుడు కాడు, "ఏమైందిరా?" అని అడిగి, చివరిదాకా వినేవాడు స్నేహితుడు.

అభ్యాసం
1. కుంగుబాటు లక్షణాలేవి?
2. తాగుడును ఊబితో ఎందుకు పోల్చారు?
3. దిగులుగా ఉన్న స్నేహితునికి ధైర్యం చెబుతూ ఉత్తరం రాయండి.