ఆరాధనలో దేశభక్తి గీతాలు పాడవచ్చా?

ఈ అంశం మీద చేసిన వీడియోలో సమయం చాలక కొన్ని మాటలు వదిలేశాను. అవి ఇక్కడ రాస్తున్నాను. బైబిల్ దగ్గర పెట్టుకుని చదవండి.

2025లో జనవరి 26 ఆదివారం వచ్చింది. లింగంపల్లిలో మేము కూడుకునేది ఒక అద్దె హాల్లో. ఎంఎంటీఎస్ ఎక్కి వచ్చేవాళ్లు, గచ్చిబౌలి ఆఫీసుల్లో పనిచేసే పిల్లలు, బీహెచ్ఈఎల్‌లో రిటైరైన పెద్దలు, ఒడిశా నుంచి పనికి వచ్చిన కుటుంబాలు, అందరూ ఉంటారు. ముందురోజు ప్రాక్టీసులో పాటల టీమ్ పిల్లలు, "అన్నా, రేపు ఆరాధనలో 'తేనెల తేటల మాటలతో' పాడదాం" అన్నారు.

ఇంద్రగంటి శ్రీకాంతశర్మ గారు రాసిన ఆ పాట నేనూ బడిలో పాడినవాణ్ణే. కీబోర్డు మీద చెయ్యి పెట్టాక ఆగాను. ఆ పాట కొలుద్దామనేది ఎవరిని? దేశమాతను. కొలవడమంటే ఆరాధించడమే కదా! బడిలో అది కవి మాట. ఆరాధనలో అదే మాట నిర్గమకాండము 20:3 పక్కన నిలబడాలి. నిలబడదు. సరే, గురజాడ గారి 'దేశమును ప్రేమించుమన్నా' పాడదామన్నాడు ఇంకొక తమ్ముడు. అందులో కొలవడం లేదు, మంచి బుద్ధులే ఉన్నాయి. కానీ ఆ పాట మనుషులతో మాట్లాడుతుంది, దేవునితో కాదు. ప్రసంగంలో ఉదాహరణగా హాయిగా చెప్పుకోవచ్చు.

వద్దన్నాను. మా సంఘంలో మిలిటరీలో చేసి వచ్చిన ఒక అంకుల్ బాధపడ్డారు. "బాబూ, ఇన్నేళ్లు యూనిఫాం వేసుకున్నాను. నా దేశం పాటకు దేవుని మందిరంలో చోటు లేదా?" అన్నారు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "చుట్టుపక్కల వాళ్లు మనది విదేశీ మతం అంటున్నారు. ఈ ఒక్క పాట వింటే వాళ్ల నోళ్లు మూతపడతాయి" అన్నారు.

నిజం చెప్పాలంటే ఆ భయం నాకూ ఉంది. ఆ పాట రికార్డు చేసి ఛానెల్‌లో పెడితే మనకు మంచిపేరు వస్తుందని ఒక క్షణం నేనూ అనుకున్నాను. అక్కడే నా తప్పు నాకు దొరికింది. పక్కింటివాళ్లు వినాలని పాడేది ఆరాధన ఎలా అవుతుంది?

బబులోనుకు చెరగా వెళ్లినవారికి దేవుడు ఏమి చెప్పాడో యిర్మీయా 29:7లో చూడండి. ఆ పట్టణ క్షేమం కోసం ప్రార్థించమన్నాడు. 1 తిమోతి 2:1-2లో పౌలు కూడా అధికారుల కోసం ప్రార్థించమనే చెప్పాడు. షద్రకు, మేషాకు, అబేద్నెగో రాజుగారి ఉద్యోగులే (దానియేలు 2:49). పని నమ్మకంగా చేశారు. వాద్యాలు మోగినప్పుడు మాత్రం సాగిలపడలేదు.

మరి జనగణమన? ఇది కష్టమైన ప్రశ్నే. టాగోర్ రాసినప్పుడు అది ఐదు చరణాల ప్రార్థనా గీతం. అందులోని భాగ్యవిధాత ఏ రాజూ కాదని ఆయనే తర్వాత ఉత్తరంలో రాశారు. అయితే 1950 జనవరి 24 నుంచి మొదటి చరణం మన జాతీయ గీతం. దానికి మనం పౌరులుగా లేచి నిలబడతాం. నా మట్టుకు నేను సంతోషంగా పాడతాను.

పాడలేని మనస్సాక్షి గలవాళ్లూ ఉన్నారు. 1985లో కేరళలో యెహోవాసాక్షుల పిల్లలు ముగ్గురు బడిలో గీతం పాడలేదు, గౌరవంగా నిలబడ్డారు. అయినా బడి నుంచి తీసేశారు. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి చేర్చుకోమంది. ఆ తీర్పు రాసింది ఒకప్పుడు మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి గారు. వాళ్ల బోధతో మనం ఏకీభవించం, అది వేరే సంగతి. కానీ పాడకపోవడం అవమానించడం కాదని ఆ తీర్పు తేల్చింది.

చివరికి మేము చేసిందిది. ఆరాధనకు గంట ముందు కింద గేటు దగ్గర జెండా ఎగరేశాం. ఎగరేసింది అంకులే. అందరం జాతీయ గీతం పాడాం, వాచ్‌మన్ పిల్లలు కూడా వచ్చి పాడారు. తర్వాత పైకి వెళ్లి ఆరాధన మొదలుపెట్టాం. మధ్యలో దేశం కోసం ప్రార్థన చేయమని అంకుల్‌నే అడిగాం. సరిహద్దులో ఉన్న సైనికుల కోసం, కూలీల కోసం, మనల్ని ద్వేషించేవారి కోసం కూడా పావుగంట ప్రార్థించారు. వెళ్లేటప్పుడు మాత్రం, "పాట కూడా పాడుంటే బాగుండేది బాబూ" అన్నారు.

2027లో ఆగస్టు 15 కూడా ఆదివారమే. మీ సంఘ పెద్దలతో ఇప్పుడే కూర్చుని మాట్లాడుకోండి. వచ్చే పాఠంలో రోమా 13వ అధ్యాయం చూద్దాం.