పాలకేంద్రం దాకా నడక: పెద్దలకు బలం, తోడు

తనిఖీకి వచ్చినప్పుడు మేము ముందుగా చూసేవి పాల రిజిస్టరు, వెన్న పరీక్ష పుస్తకం, నగదు నిల్వ. ఈ పాఠం ఆ లెక్కల్లోకి రాని సంగతి గురించి. భోగాపురం ప్రాంతపు సంఘాలలో పూటపూటా పాలు పోసేవారి వరుస చూడండి. అరవై దాటినవారు చాలామందే ఉంటారు. పిల్లలు విశాఖపట్నానికో, హైదరాబాదుకో పనులకు పోగా ఇంటి దగ్గర గేదెను చూసుకుంటున్నది వీరే.

ఈ మధ్య కొన్ని ఇళ్లలో మనవలు క్యాను అందుకుంటున్నారు. "నీకెందుకే మామ్మా ఈ శ్రమ, నేను బండి మీద పోసి వస్తాను" అంటారు. ప్రేమతోనే అంటారు. ఒక సంఘంలో డెబ్బై దాటిన సభ్యురాలు అలా ఇంటిపట్టున ఉండిపోయారు. ఏడాది తిరిగి మేము వెళ్లేసరికి మంచం మీంచి లేవడానికి ఆమెకు ఇంకొకరి చెయ్యి కావలసి వచ్చింది. ఫలానా జబ్బు అని ఏమీ లేదట. "సెంటరుకొస్తే నలుగురూ కనిపించీవోరు బాబూ, ఇప్పుడు గోడే కనిపిస్తంది" అన్నారు.

వయసుతో పాటు కండ తగ్గుతుంది. వాడకపోతే మరీ త్వరగా తగ్గుతుంది. తొడల్లో సత్తువ పోతే కాలు తూలుతుంది. ఆ వయసులో పడితే తుంటి ఎముక విరిగే ప్రమాదం ఉంది. అరవై అయిదు దాటినవారు కూడా వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలనీ, 3 రోజులైనా కండబలానికీ, తూలకుండా నిలబడడానికీ పనికొచ్చే కసరత్తు చేయాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. కేంద్రానికి పోయి రావడానికి 12 నిమిషాలు నడక అనుకుందాం. రెండు పూటలకు 24, వారానికి 168 నిమిషాలు. మాట్లాడగలిగి, పాట పాడలేనంత వేగంగా నడిస్తే ఆ లెక్క ఇక్కడే సరిపోయింది.

"జన్మంతా పొలంలో వంగినవాళ్లం, మాకు కసరత్తేమిటి?" అని పెద్దలు నవ్వుతారు. నిన్నటి పని నేటి కాలికి బలమివ్వదు. అరుగు మీంచి చేతులు ఆన్చకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, గుంజ పట్టుకొని ఒంటికాలి మీద పది లెక్కపెట్టేదాకా నిలబడడం చాలు. రక్తపోటు మాత్రలు వాడేవారు నిద్ర లేవగానే నడవక, మంచం మీద కాసేపు కూర్చొని లేవాలి. చక్కెర వ్యాధి ఉన్నవారు చెప్పులు లేకుండా బయలుదేరరాదు. గుండెలో నొప్పి, ఎక్కువ ఆయాసం వస్తే నడక ఆపి వైద్యునికి చూపించుకోవాలి.

నడక ఇంటి చుట్టూ కూడా నడవవచ్చు. వరుసలో దొరికే పలకరింపు అక్కడ దొరకదు. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారనీ, అది ఆయుష్షునూ తగ్గిస్తుందనీ అదే సంస్థ 2025 నివేదికలో చెప్పింది. ఇది పట్నాల సంగతే అనుకోవద్దు. విమానాశ్రయం కోసం కొన్ని పల్లెలు ఖాళీ అయి, అక్కడివారు పోలిపల్లి, గూడెపువలస దగ్గర కొత్త కాలనీలకు చేరారు. ఇల్లు పక్కాదే కావచ్చు. పాత గోర్జిలో ఎదురింటి ముసలమ్మ అక్కడ పక్కనే ఉండకపోవచ్చు. అటువంటి చోట పాలకేంద్రం విలువ ఇంకా ఎక్కువని మా అభిప్రాయం.

బరువు మోయలేనివారికి మనవడు క్యాను తేవచ్చు, మామ్మ పక్కన నడిచి వచ్చి కొలత తానే చూసుకోవచ్చు. లేదా రెండు చిన్న గిన్నెల్లో రెండు చేతులా సమంగా తేవచ్చు. కేంద్రం వద్ద ఒక బల్ల, మెట్లకు చేతిపట్టు, చీకటి పూటకు దీపం ఉండాలి. పాలు జారిన గచ్చు వెంటనే కడగాలి. జారిపడేది ఎక్కువగా అక్కడే. కార్యదర్శులు చిన్నవాళ్లు, తొందర ఎక్కువ. ముసలివారి కొలత వద్ద ఒక్క నిమిషం ఆగితే ట్యాంకరు వెళ్లిపోదు.

రోజూ వచ్చే పెద్దలు వరుసగా రెండు పూటలు రాకపోతే రిజిస్టరులో ఆ ఖాళీ కనిపిస్తుంది. ఒక కుర్రవాణ్ణి పంపి కనుక్కోవాలి. ఇంట్లో నిరాదరణ ఉందని తెలిస్తే వృద్ధుల సహాయ ఫోను 14567కు చెప్పవచ్చు. పెద్దల సభ్యత్వం కొడుకుల పేరిట మార్చమని వచ్చే దరఖాస్తులు కూడా, ఆ పెద్దలను స్వయంగా అడిగిన తరువాతే పాలకవర్గం ముందుకు తేవలెను. వచ్చే తనిఖీలో బల్ల, చేతిపట్టు, దీపం కూడా చూస్తాము.