విధేయత వేరు, గుడ్డితనం వేరు

ఇంగ్లీషులో 'స్లేవిష్లీ' అనే క్రియా విశేషణం ఉంది. దీని మూలం 'స్లేవ్', అంటే బానిస. మధ్యయుగాల ఐరోపాలో స్లావ్ జాతి ప్రజలను పెద్ద సంఖ్యలో బంధించి అమ్మేవారు. చివరకు ఆ జాతి పేరే బానిసకు పేరయింది.

'అనుసరించు', 'అనుకరించు' వంటి క్రియలతో ఈ మాట ఎక్కువగా వస్తుంది. ఒకరు ఫ్యాషన్‌ను 'స్లేవిష్లీ' అనుసరిస్తున్నారంటే, మంచిచెడ్డలు చూడకుండా బానిసలా దాని వెంట పోతున్నారని అర్థం. ఇది ఆక్షేపణే గాని ప్రశంస కాదు. తల్లిదండ్రుల మాట వినే పిల్లలను మెచ్చుకునేటప్పుడు 'ఒబీడియంట్లీ' అనాలి. ఉర్దూలో మనం 'ఇతాఅత్' అని, 'అంధీ తఖ్లీద్' అని వేరుగా చెప్పుకునేది ఈ తేడానే.

ఈ తేడా ఎంత ముఖ్యమో బుఖారీ గ్రంథంలోని ఒక హదీసు తెలుపుతుంది. దైవప్రవక్త (సఅసం) ఒక దళాన్ని పంపుతూ, నాయకునికి విధేయులై ఉండమని ఆదేశించారు. ఆ నాయకుడు ఒకసారి కోపంతో కట్టెలు పోగుచేయించి, మంట పెట్టించి, అందులో ప్రవేశించమన్నాడు. కొందరు సిద్ధపడ్డారు కూడా. అయితే, అగ్ని నుంచి తప్పించుకోవడానికే కదా ప్రవక్తను ఆశ్రయించామని వారు తటపటాయించారు. ఇంతలో మంట ఆరింది, కోపమూ చల్లారింది. సంగతి విన్న ప్రవక్త (సఅసం), వారు అందులో ప్రవేశించి ఉంటే ఇక బయటికి వచ్చేవారు కారని, విధేయత మంచి విషయాల్లోనేనని స్పష్టం చేశారు.

గమనించండి: ఆ నాయకుణ్ణి నియమించినది స్వయంగా ప్రవక్తే. అయినా అతని ఆజ్ఞకు హద్దు ఉంది. మనం అల్లాహ్‌కు మాత్రమే దాసులం. పెద్దలు, పండితులు, నాయకులు గౌరవనీయులే. పిల్లలకు వినయం నేర్పుదాం. దానితోపాటే 'ఇది ధర్మసమ్మతమేనా?' అని మర్యాదగా అడగడమూ నేర్పుదాం.