ఎక్సెల్ ట్రిక్: సెల్‌లో అంకె అలాగే ఉంచి, కనిపించే మాటను మార్చడం ఎలా?

రూమ్ ఖర్చుల షీట్‌లో ‘800 ఇవ్వాలి’ అని టైప్ చేశారనుకోండి. చదవడానికి బాగానే ఉంటుంది. కానీ ఎక్సెల్ దృష్టిలో అది అంకె కాదు, ఉత్త మాట. కింద సమ్ ఫార్ములా వేస్తే ఆ సెల్‌ను లెక్కలోకే తీసుకోదు. ఎర్రర్ కూడా చూపించదు కాబట్టి, టోటల్ తప్పొచ్చిన సంగతి కూడా మనకు తెలియదు.

దీనికి పరిష్కారం సింపుల్. సెల్‌లో అంకె మాత్రమే ఉంచాలి, మాటను ఫార్మాట్‌తో చూపించాలి.

ఉదాహరణ

నలుగురు రూమ్‌మేట్స్. నెల ఖర్చు ₹8,400, అంటే తలా ₹2,100. ఒకరు 5,000, ఇంకొకరు 2,100, మూడో వ్యక్తి 1,300 పెట్టారు. నాలుగో వ్యక్తి ఏమీ పెట్టలేదు. వాటా నుంచి పెట్టిన డబ్బు తీసేస్తే బ్యాలెన్స్ కాలమ్‌లో -2900, 0, 800, 2100 వస్తాయి. ఇందులో మైనస్ అంటే ఇవ్వాలా, రావాలా? ఇక్కడే అందరూ కన్‌ఫ్యూజ్ అవుతారు.

ఇలా చేయండి

1. బ్యాలెన్స్ కాలమ్‌ను, కింద టోటల్ సెల్‌ను సెలెక్ట్ చేయండి.
2. కంట్రోల్ + 1 నొక్కండి. మ్యాక్‌లో అయితే కమాండ్ + 1.
3. నంబర్ ట్యాబ్‌లో కస్టమ్ ఎంచుకోండి.
4. టైప్ బాక్స్‌లో ఇది రాసి ఓకే కొట్టండి:

"ఇవ్వాలి ₹"0;"రావాలి ₹"0;"లెక్క సరి"

సెమికోలన్లతో మూడు భాగాలయ్యాయి చూడండి. మొదటిది ప్లస్ అంకెలకు, రెండోది మైనస్ అంకెలకు, మూడోది సున్నాకు. ఇప్పుడు -2900 ఉన్నచోట ‘రావాలి ₹2900’ అని కనిపిస్తుంది. మైనస్ గుర్తు దానంతటదే పోతుంది. టోటల్ సెల్‌లో ‘లెక్క సరి’ అని వస్తే షీట్ కరెక్టుగా ఉన్నట్టే, ఎందుకంటే అందరి బ్యాలెన్స్‌లూ కలిపితే సున్నా రావాలి.

నాలుగో మాట కావాలంటే?

వెయ్యి దాటిన బాకీని విడిగా చూపించాలంటే కండిషనల్ ఫార్మాటింగ్ వాడాలి. టోటల్ వదిలేసి బ్యాలెన్స్ సెల్స్ మాత్రమే సెలెక్ట్ చేయండి. హోమ్ ట్యాబ్‌లో కండిషనల్ ఫార్మాటింగ్‌కి వెళ్లి, 1000 కంటే ఎక్కువ అనే కొత్త రూల్ పెట్టండి. ఫార్మాట్ బటన్ నొక్కాక చాలామంది రంగు మార్చి ఆగిపోతారు. అక్కడే నంబర్ ట్యాబ్ కూడా ఉంటుంది. అందులో కస్టమ్ ఎంచుకుని ఇది రాయండి:

"వెంటనే ఇవ్వాలి ₹"0

అంతే, 2100 ఉన్న సెల్ మాత్రమే మారుతుంది. బాకీ వెయ్యికి తగ్గగానే పాత మాట తిరిగొస్తుంది.

గూగుల్ షీట్స్‌లో మొదటి ట్రిక్ పనిచేస్తుంది. ఫార్మాట్ మెనూలో నంబర్, అందులో కస్టమ్ నంబర్ ఫార్మాట్‌కి వెళ్లాలి. కానీ అక్కడి కండిషనల్ ఫార్మాటింగ్‌తో రంగు, బోల్డ్ లాంటివే మారతాయి, మాట మారదు.

ఈ మూడూ గుర్తుంచుకోండి

- ఇఫ్ ఫార్ములాలో ‘లెక్క సరి’ అని వెతికితే దొరకదు. సెల్‌లో ఉన్నది 0 కాబట్టి 0 అనే వెతకాలి.
- 40 పైసలు మిగిలినా ‘ఇవ్వాలి ₹0’ అని చూపిస్తుంది. వాటా లెక్కకు రౌండ్ ఫంక్షన్ వాడండి, లేదా 0 బదులు 0.00 రాయండి.
- అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ఎక్సెల్ ఫైల్‌ను సీఎస్‌వీగా సేవ్ చేస్తే, సెల్‌లో ఉన్నది కాకుండా కనిపించేదే ఫైల్‌లోకి వెళ్తుంది. 800 పోయి ‘ఇవ్వాలి ₹800’ మిగులుతుంది. వేరే యాప్‌కి ఆ ఫైల్ ఇస్తే లెక్క మళ్లీ మొదటికే వస్తుంది. అందుకే సేవ్ చేసేముందు ఫార్మాట్‌ను జనరల్‌కి మార్చండి, ఒరిజినల్ ఎక్సెల్ ఫైల్‌ను కూడా విడిగా దాచుకోండి.

సెల్‌లో అసలు ఏముందో డౌట్ వస్తే దానిమీద క్లిక్ చేసి, పైన ఫార్ములా బార్ చూడండి. అక్కడ ఈ ఫార్మాట్ మాటలేవీ కనిపించవు.