ఒకదానితోనొకటి అల్లుకొను వ్యసనములు

తుంగ మొలచిన మడిలో ఆకులను మాత్రము పెరికినచో కొలది దినములలో మరల మొలచునని రయితు లందఱెఱుగుదురు. నేల త్రవ్వి చూచినచో గడ్డకును గడ్డకును నడుమ సన్నని తీగె యుండును. నేడు మన గ్రామములలో గానవచ్చు పందెములు, చేబదుళ్లు, మద్యపానము వేఱువేఱుగ దోచును గాని, వానిని కలుపు తీగె యొకటి గలదు. అది చేతిఫోనులోని సామాజిక మాధ్యమము.

మన పూర్వులు సప్తవ్యసనములను లెక్కించిరి. జూదము, పానము, ధనమును వృథాచేయుట వానిలోనివే. అయితే చింతచెట్టు క్రింద పేకాడువానిని ఊరివారు చూచెడివారు, పెద్దలు మందలించెడివారు. నేడు ప్రక్కనే కూర్చున్న భార్యకును భర్త ఫోనులో నేమి చేయుచున్నాడో తెలియదు.

ఈ కలయిక యెట్లు జరుగునో వివరించెదము. అమెరికాలో స్కిన్నర్ అను మనశ్శాస్త్రజ్ఞుడు పావురములతో పరీక్షలు జరిపి, ఫెర్‌స్టర్ అనువానితో కలసి 1957లో వాని ఫలితములను గ్రంథముగ ప్రకటించెను. ఎన్నవ పొడుపునకు గింజ పడునో తెలియకుండ చేసినచో పావురము విడువక పొడుచుచుండును. గింజలు ఆపివేసిన పిదపను చాలసేపు మానదు. పేకముక్క తిప్పువాని ఆశ యిట్టిదే. వ్రేలితో తెరను పైకి త్రోయుచు, తరువాత నేమి వచ్చునో యని చూచుటయు నిట్టిదే. కావున వీడియోలకు అలవడిన మనసునకు పందెము క్రొత్తదారి కాదని మా అభిప్రాయము.

మఱియు, మనము దేనిపై ఎంతసేపు నిలిచితిమో ఆ యంత్రము గుర్తుంచుకొనును. క్రికెట్టు చూచువానికి గెలుపోటములు ముందే చెప్పెదమను బృందములు, వాని వెనుక పందెపు యాప్‌లు కనబడును. ఓడినవానికి క్షణములో అప్పిచ్చు యాప్‌లు ఎదురగును. అప్పుచే నిద్ర పట్టనివాడు సీసా వంక చూచును. ఫోను పట్టిన ప్రతివాడును ఈ మెట్లన్నియు దిగునని మేమనుట లేదు.

ధనము పెట్టి ఆడు ఆన్‌లైను ఆటలను తెలంగాణమున 2017లోను, ఆంధ్రప్రదేశమున 2020లోను నిషేధించిరి. 2025లో పార్లమెంటు దేశమంతటికిని శాసనము చేసి, వాని ప్రకటనలను సైతము నిషేధించెను. అయినను చాటుమాటు బృందములలో లింకులు వచ్చుచునే యున్నవి.

మా చింత యంతయు పంటఋణము గుఱించి. పెట్టుబడికై సంఘమిచ్చిన సొమ్ము ఖాతాలో పడిన రాత్రియే పోయినచో విత్తనము, ఎరువు ఎక్కడినుండి వచ్చును? బాకీ మాత్రము నిలిచియే యుండును. జామీను నిలిచినవాడు ఏ పాపము నెఱుగడు.

కావున పందెపు యాప్‌ను తీసివేసితినని తృప్తిపడరాదు. దానిని చూపిన బృందములనుండియు బయటికి రావలెను. పంటఋణము పడు ఖాతాను ఫోను చెల్లింపులకు కలుపకుడు. ఇంటిఖర్చునకు వేఱొక చిన్న ఖాతా చాలును. రాత్రివేళ ఫోనును పడకకు దూరముగ నుంచుడు. ఈ నియమమును పిల్లలకు చెప్పుటకు ముందు తండ్రులు పాటించుట మేలు. పోయిన సొమ్మును మరల ఆడి రాబట్టెద నను మాటను ఎవరు చెప్పినను నమ్మకుడు.

మానలేనివారు ‘టెలిమానస్’ 14416 నెంబరునకు ఫోను చేసినచో ఉచితముగ, తెలుగులోనే సలహా పొందవచ్చును. మోసముచే సొమ్ము పోయినచో 1930 నెంబరునకు తక్షణమే తెలుపవలెను. ఆలస్యమైన కొలది సొమ్ము దొరకుట కష్టము. అప్పు యాప్‌లవారు బెదిరించినచో సిగ్గుపడక పోలీసు ఠాణాకు పొండు. ఈ రెండు నెంబర్లను సంఘ కార్యాలయపు గోడపై పెద్ద అక్షరములతో వ్రాయింపవలెనని కార్యదర్శులను కోరుచున్నాము.