వెలుగు చెప్పెడి సాక్ష్యము

విద్యార్థులారా! లిట్మసు కాగితమును మీరెల్లరు నెరుగుదురు. నీలికాగితము ఎర్రబారినచో ఆమ్లము కలదని చెప్పుదుము. అయితే కంటికి కానరాని జీవకణములో, అది బ్రతికియుండగానే, ఒక పదార్థము పుట్టినదో లేదో తెలిసికొనుట యెట్లు? కణమును నలిపి పరీక్షింపబోయితిమా, అది చచ్చును. అందలి చురుకైన అణువులును మాయమగును. ఈ చిక్కు విడదీయుటకై శాస్త్రజ్ఞులు వెలుగునే దూతగా పంపిరి.

చలిజ్వరమునకు వాడెడి కొయినాను ఆమ్లము కలిపిన నీటిలో కరిగించి యెండలో నుంచినచో ఒక నీలికాంతి కనబడును. 1845వ సంవత్సరమున జాన్ హెర్షెల్ దీనిని వర్ణించెను. కంటికి కనబడని అతినీలలోహిత కిరణములను ఆ ద్రవము గ్రహించి, కనబడు వెలుగుగా మార్చి విడుచుచున్నదని 1852లో స్టోక్సు పండితుడు నిరూపించెను. దీనికే ప్రతిదీప్తి యని పేరు. 1871లో అడాల్ఫ్ బేయర్ అను జర్మను పండితుడు ఫ్లోరెసీన్ అను పచ్చని కాంతినిచ్చు రంగును తయారుచేసెను.

మన రక్తమందలి కొన్ని తెల్లకణములు రోగక్రిములను మ్రింగినప్పుడు ప్రాణవాయువునుండి సూపరాక్సైడు, హైడ్రొజన్ పెరాక్సైడు మొదలగు తీక్ష్ణపదార్థములను పుట్టించి వానితో క్రిములను చంపును. ఇవియే మితిమీరినచో మన కణములకే హాని చేయును. మితముగా నున్నచో కణములో వార్తలను మోయును. కావున ఇవి యెచ్చట, ఎంత యున్నవో తెలియుట ముఖ్యము.

ఇందులకై ఫ్లోరెసీన్ వంశమునకు చెందిన యొక సూచకద్రవ్యమును కణములకు అందింతురు. మొదట దానికి వెలుగు లేదు. అది కణపు పొరను దాటి లోనికి పోగా, అచ్చటి ఎంజైములు దాని రెండు తోకలను కత్తిరించును. అంతట అది సులభముగా బయటికి రాజాలదు. తీక్ష్ణాణువులు దానినుండి హైడ్రొజనును లాగికొనగానే, నీలికాంతి సోకినప్పుడు అది పచ్చగా ప్రకాశించును.

అయితే పచ్చని వెలుగు కనబడినంతమాత్రమున హైడ్రొజన్ పెరాక్సైడు కలదని నిశ్చయింపరాదు. ఇనుము గాని కొన్ని ఎంజైములు గాని తోడుపడనిదే పెరాక్సైడు ఈ సూచకముపై చక్కగా పనిచేయదు. ఇతర తీక్ష్ణాణువులు దీనిని వెలిగింపగలవు. సూక్ష్మదర్శినియందలి దీపకాంతియే కొంత వెలిగింపవచ్చును. ఈ లోపమును తగ్గించుటకై 2004లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్లీ విద్యాస్థానమున క్రిస్టఫర్ చాంగ్ మొదలగువారు బోరాన్ మూతలు గల సూచకమును నిర్మించిరి. పెరాక్సైడు ఆ మూతలను తొలగింపగా రంగు వెలుగును. ఇదియు సంపూర్ణముగా నిర్దోషము కాదు. పెరాక్సీనైట్రైటు అను వేరొక అణువును ఆ మూతలను తొలగింపగలదు.

కావున బుద్ధిమంతుడగు పరిశోధకుడు సూచకము లేని కణములను సరిపోల్చి చూచును. పెరాక్సైడును నీరుగను ప్రాణవాయువుగను విడగొట్టెడి కెటలేజు అను ఎంజైమును చేర్చి, వెలుగు తగ్గునా యని పరీక్షించును. తగ్గినచో సాక్ష్యము బలపడును. తగ్గనిచో మరల ఆలోచించును. న్యాయస్థానమున ఒక్క సాక్షి మాటనే నమ్మి తీర్పు చెప్పరు గదా! మీరును ప్రయోగశాలలో రంగు మారగానే తొందరపడి వ్రాయక, ఈ మార్పునకు వేరు కారణము కలదా యని యొకమారు ప్రశ్నించుకొనుడు. శాస్త్రాభ్యాసమునకు అదియే మొదటి మెట్టు.